పిల్లల టూ స్ట్రోక్ డర్ట్ బైకు: నూనె లెక్క వేరు, గాలి లెక్క వేరు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, పిల్లవాడి కోసం కొన్న 49 సీసీ డర్ట్ బైకును పాతకాలపు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే మొదట వినిపించే సలహా ఒకటే: "ఆయిల్ కాస్త ఎక్కువ పోయండి సార్, ఇంజన్ చల్లగా ఉంటుంది." ఆర్‌ఎక్స్ 100, చేతక్, టీవీఎస్ 50 బండ్ల మీద చేయి తిరిగిన మనిషి మాట కాబట్టి తండ్రి తల ఊపుతాడు. లీటరుకు 40 మిల్లీలీటర్లు చాలిన చోట 60, 70 పోస్తాడు. బండి తెల్లగా పొగ వదులుతుంది, ప్లగ్గు నల్లబడి తడుస్తుంది. అది చూసిన మరొకాయన "మిక్చర్ రిచ్ అయింది, జెట్ తగ్గించండి" అంటాడు. కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రమే జెట్. అది చిన్నదవుతుంది, వేసవి గడిచిపోతుంది. చలికాలంలో ఒక ఉదయం, పిల్లవాడు పూర్తి వేగంలో ఉండగా పిస్టన్ బిగుసుకుపోయి ఇంజన్ పట్టేస్తుంది. అంత నూనె పోసినా ఎందుకు పట్టేసిందో ఎవరికీ అర్థం కాదు.

సలహా ఇచ్చిన ఇద్దరూ అనుభవం లేనివాళ్లేమీ కారు. వేర్వేరుగా చూడవలసిన రెండు లెక్కలు వాళ్ల మాటల్లో ఒకటిగా కలిసిపోయాయి. మొదటిది, పెట్రోలులో నూనె ఎంత. దాన్ని డబ్బాలో మనమే కలుపుతాం. రెండోది, గాలిలో పెట్రోలు ఎంత. దాన్ని కార్బరేటర్ కలుపుతుంది. మెకానిక్కులు రిచ్, లీన్ అనేది ఈ రెండో లెక్క గురించే. గాలికి తగినదానికంటే పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం చిక్కన, తక్కువైతే పలచన.

ఈ టూ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు లెక్కలూ ఎందుకు చిక్కుపడతాయో దాని నిర్మాణంలోనే ఉంది. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు కింద క్రాంక్ గదిలో ఒత్తిడి తగ్గుతుంది. రీడ్ వాల్వు రేకులు తెరుచుకుని కార్బరేటర్ నుంచి గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుపోయి, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గొట్టం) పక్కనున్న దారుల గుండా పైకి చేరి, కాలిన వాయువును సైలెన్సర్ వైపు నెట్టి దాని చోటు తీసుకుంటుంది. క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఒక పేలుడు. ఇంధనం వెళ్లే దారి క్రాంక్ గదే అయినప్పుడు అక్కడ నాలుగు స్ట్రోకుల బండిలో లాగా నూనె నిల్వ ఉంచడం కుదరదు. బేరింగులకూ పిస్టన్‌కూ చేరవలసిన నూనె పెట్రోలుతోపాటే ప్రయాణించాలి. యమహా పీడబ్ల్యూ 50 లాంటి కొన్ని పిల్లల బండ్లకు విడిగా నూనె ట్యాంకు, పంపు ఉంటాయి. మనకు ఎక్కువగా కనిపించే తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న బండ్లలో మాత్రం డబ్బాలో కలపవలసిందే.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. కార్బరేటర్ జెట్‌కు నూనె, పెట్రోలు అనే తేడా తెలియదు. దాని రంధ్రం గుండా వెళ్లే ద్రవంలో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. 50:1, అంటే 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు నూనె, కలిపిన డబ్బాలో పెట్రోలు 98 శాతం, 25:1 కలిపినదానిలో 96 శాతం. పైగా నూనె ఎక్కువైన ద్రవం జిగటగా మారి జెట్‌లో కాస్త నెమ్మదిగా పారుతుంది. అంటే నూనె పెంచినకొద్దీ గాలి లెక్కలో మిశ్రమం పలచబడుతుంది. తేడా చిన్నదే, దానివల్ల మాత్రమే ఇంజన్ పట్టేయదు. కాకపోతే నూనె పొగను చూసి మిశ్రమం చిక్కగా ఉందనుకుని జెట్ తగ్గిస్తే, పలచబడ్డదాన్ని మరింత పలచన చేసినట్టు. నూనె పొగా, పెట్రోలు ఎక్కువైన పొగా దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. అందుకే నేను పొగను సాక్ష్యంగా తీసుకోను.

నూనె ఎంత కలపాలన్నదానికి బండితో వచ్చిన పుస్తకంలోని అంకెను మించిన జవాబు లేదు. చౌక 49 సీసీ ఇంజన్ల పుస్తకాల్లో తరచు 25:1 కనిపిస్తుంది, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. 32:1 అయితే 31, 40:1 అయితే 25, 50:1 అయితే 20. మూతతో, కంటి అంచనాతో కొలవకండి. పిల్లల దగ్గు మందుతో వచ్చే కొలత గిన్నె గానీ, మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజి గానీ చాలు. నూనె డబ్బా మీద జాసో (టూ స్ట్రోక్ నూనెలకు జపాన్ నాణ్యతా ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉందేమో చూడండి. పడవల ఇంజన్ల కోసం చేసే టీసీ-డబ్ల్యూ3 నూనె ఖరీదైనదైనా దీనికి పనికిరాదు. అది నీటితో చల్లబడే, తక్కువ వేడి మీద తిరిగే ఇంజన్ల కోసం తయారైనది. పొలంలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ కోసం కలిపి ఉంచిన డబ్బాను బండికి వాడే ఇళ్లు కూడా ఉన్నాయి. నిష్పత్తి ఒకటే అయి, తాజాగా కలిపినదైతే అభ్యంతరం లేదు. పోయిన సీజన్‌లో మిగిలినదైతే పారేయడమే మంచిది.

నూనె మాట వచ్చింది కాబట్టి ఆముదం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెలకల్లో ఆముదం తరతరాల పంట. క్రాంతి, హరిత లాంటి రకాలు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజన్లు ఆముదంతోనే తిరిగాయి. ఇప్పటికీ కొన్ని పందెం బండ్ల నూనెల్లో ఆముదం వాటా ఉంటుంది, ఎందుకంటే విపరీతమైన వేడిలో కూడా అది లోహాన్ని అంటుకుని ఉంటుంది. అయినా గానుగ ఆముదం తెచ్చి ట్యాంకులో పోయకండి. ఇంజన్‌కు వాడేది జిగురు తీసి శుద్ధి చేసినది. మామూలు ఆముదం పెట్రోలులో సరిగా కలవదు, చల్లబడితే విడిపోతుంది, కాలాక పిస్టన్ రింగు గాడిలో జిగురై రింగును కదలనివ్వదు.

మే నెల, డిసెంబరు, ఇథనాల్

కార్బరేటర్ గాలి బరువును తూచదు, లోపలికి దూసుకుపోయే గాలి లాగినంత పెట్రోలును వదులుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి సుమారు 9 శాతం తేలిక. గాలి పలచబడితే పెట్రోలును లాగే బలం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి అందులో సగం దానంతటదే సర్దుకుంటుంది. మిగిలిన సగం, అంటే దాదాపు 5 శాతం, మిశ్రమం చిక్కబడటంగా తేలుతుంది. దానికితోడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు సముద్ర మట్టానికి 400 నుంచి 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి; అదీ మరో రెండు, రెండున్నర శాతం చిక్కబరుస్తుంది.

ఇథనాల్ దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కలిసిన ఇంధనానికి సుమారు 13.5 సరిపోతుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు అమర్చిన జెట్‌లో ఇదే ఇంధనం పోస్తే మిశ్రమం 7, 8 శాతం పలచబడినట్టే.

ఈ అంకెలన్నీ కలిపి చూడండి. మే నెలలో ఎండా ఎత్తూ కలిసి చిక్కబరిచినదాన్ని ఇథనాల్ దాదాపుగా రద్దు చేస్తుంది. బండి బ్రహ్మాండంగా తిరుగుతుంది, అమర్చినవాడికి మంచి పేరు వస్తుంది. డిసెంబరులో ఎండ ఇచ్చిన ఆ 5 శాతం పోతుంది, ఇథనాల్ మాత్రం అక్కడే ఉంటుంది. పలచటి మిశ్రమంలో మంట వేడి పెరుగుతుంది, దారిలో పిస్టన్‌ను చల్లబరిచే పెట్రోలు తగ్గుతుంది, దానితో వచ్చే నూనె కూడా తగ్గుతుంది. మూడూ ఒకేసారి. ఇంజన్ ఎండాకాలంలో పట్టేస్తుందని అందరూ భయపడతారు. వేసవిలో సరిచేసి వదిలేసిన బండికి నిజమైన గండం చలికాలపు ఉదయం. అప్పుడు అదనంగా ఇంకొకటి: అల్యూమినియం పిస్టన్ వేడికి పోత ఇనుముకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే గట్టిగా తిప్పితే పిస్టన్ ఉబ్బుతుంది, బోరు ఇంకా చల్లగానే ఉంటుంది. రెండు, మూడు నిమిషాలు నెమ్మదిగా నడిపించి, సిలిండర్ రెక్కలు చేతికి బాగా వెచ్చగా తగిలాకే పిల్లవాడిని ఎక్కనివ్వండి.

అలాగని వేసవిలో ఎండ మేలు చేస్తుందని అనుకోకూడదు. గాలితో చల్లబడే ఇంజన్ కదలకుండా నిలబడి గర్జిస్తే దానికి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? మే నెలలో ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తరవాత మాత్రమే నడపడం ఇంజన్‌కూ మంచిది, హెల్మెట్ లోపల ఉడికిపోయే పిల్లవాడికీ మంచిది.

వర్షాకాలంలో ఇథనాల్ ఇంకో తిరకాసు పెడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం నిండిన ట్యాంకు నెలల తరబడి పక్కన ఉంటే నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోవచ్చు. నూనె పై పొరలోని పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాంకు నుంచి గొట్టం తీసుకునేది అడుగు నుంచే కాబట్టి ఇంజన్‌కు మొదట అందేది నూనె లేని ద్రవం. బండిని కొన్నాళ్లు వాడబోమని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ తీసి అందులోదీ వదిలేయండి. ఒకేసారి లీటరుకు మించి కలపకండి, పోసే ముందు డబ్బాను బాగా కుదపండి. నీళ్ల సీసా వద్దు, పెట్రోలు కోసం చేసిన డబ్బానే వాడండి.

ఎర్ర దుమ్ము

పిల్లలు బండి తిప్పేది ఎండిన చెరువు శిఖంలోనో, కోత అయిన చెలకలోనో. గ్రానైట్ అరిగి ఏర్పడిన ఈ నేలల దుమ్ములో సన్నటి క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అవి ఇనుముకంటే గట్టివి. నూనెతో కలిసి అవి బోరుకూ రింగుకూ మధ్య సాన పట్టే పేస్టు అవుతాయి. చౌక బండ్లతో వచ్చే జాలీ ఫిల్టర్ గులకరాళ్లను ఆపుతుంది, దుమ్మును ఆపదు. దాన్ని మార్చి నూనె పట్టించే ఫోమ్ ఫిల్టర్ వేయించడం ఈ బండికి పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే లాభసాటిది. ఫోమ్‌ను కిరోసిన్‌లో కడిగి, సబ్బు నీళ్లలో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ నూనె పట్టించి పిండాలి. మెలితిప్పితే ఫోమ్ చిరుగుతుంది. దుమ్ము ఎక్కువున్న చోట తిరిగితే ప్రతి విడత తరవాతా ఇదే పని. ఫిల్టర్ అంచుకు గ్రీజు సన్నగా రాస్తే పక్క దారిన దుమ్ము పోదు.

ఫిల్టర్ మారిస్తే గాలి ఎక్కువో తక్కువో వెళ్తుంది, కాబట్టి ట్యూనింగ్ ఆ తరవాతే.

ట్యూనింగ్

జెట్ మీద చేయి వేయడానికి ముందు, లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచైనా దూరుతోందా చూడాలి. కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న ప్యాకింగ్, రీడ్ వాల్వు ప్యాకింగ్, క్రాంక్ సీళ్లు అరిగితే ఇంజన్ బయటి గాలిని పీలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే అనుమానం ఇక్కడే. ప్యాకింగ్ చినిగిన బండికి జెట్లు మార్చడం వృథా శ్రమ. ఇది తెలియక డబ్బా నిండా జెట్లు కొన్న తండ్రులున్నారు.

తరవాత, కార్బరేటర్‌లో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తుందో గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. యాక్సిలరేటర్ మూసినప్పటి నుంచి పావు వరకు స్లో జెట్, దాని స్క్రూ. పావు నుంచి మూడు పావుల దాకా నీడిల్, అంటే పెట్రోలు దారిలోకి దిగి ఉండే సూది. ఆపైన మెయిన్ జెట్. హ్యాండిల్ గ్రిప్పు మీద టేపు ముక్క అంటించి పావు, సగం, మూడు పావులు గీతలు పెట్టుకుంటే లోపం ఏ స్థాయిలో వస్తోందో ఇట్టే తెలుస్తుంది. నీడిల్ మీద ఉన్న క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది, పైకి జరిపితే పలచబడుతుంది. స్లో స్క్రూ మాత్రం మోసం చేస్తుంది: అది ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రించేది, విప్పితే పలచన, ఇంజన్ వైపు ఉంటే పెట్రోలును నియంత్రించేది, విప్పితే చిక్కన. చాలా చౌక కార్బరేటర్లలో అసలు ఆ స్క్రూ ఉండదు, ఉన్న ఒక్క స్క్రూ ఇంజన్ నిలకడ వేగాన్ని పెంచి తగ్గించేది మాత్రమే.

పూర్తి వేగంలో ఇంజన్ తడబడుతూ, ఒక దెబ్బ వదిలి ఒక దెబ్బ కొడుతున్నట్టు గరగరలాడితే చిక్కన. యాక్సిలరేటర్ తెరవగానే ఊపిరి బిగబట్టినట్టు ఆగి తరవాత ఎగబాకితే, లేదా పదునైన ఖాళీ శబ్దంతో తిరిగితే పలచన. అనుమానం తీరకపోతే బండి తిరుగుతుండగా చోక్‌ను కాస్త వేయండి: పరుగు మెరుగైతే పలచగా ఉన్నట్టు, మరింత మొరాయిస్తే చిక్కగా ఉన్నట్టు. ప్లగ్గు రంగు, లేత కాఫీ రంగు మంచిది, తెల్లబడితే ప్రమాదం అనే పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఇప్పటి ఇంధనం ప్లగ్గు మీద తక్కువ రంగు వేస్తుంది కాబట్టి దాన్ని రెండో సాక్షిగానే చూడండి. ఒకసారికి ఒక మార్పే చేయాలి. సందేహం ఉన్నప్పుడు చిక్కటి వైపే నిలబెట్టాలి. చిక్కన ప్లగ్గును పాడుచేస్తుంది, పలచన పిస్టన్‌ను పాడుచేస్తుంది.

మెయిన్ జెట్ గురించి గంటల కొద్దీ మాట్లాడతారు గానీ, ఏడెనిమిదేళ్ల పిల్లలు పూర్తిగా తెరిచి నడిపేది తక్కువ. వాళ్ల సవారీ అంతా నీడిల్ పరిధిలోనే జరుగుతుంది. అక్కడే ఓపిక పెట్టండి. ఇంకో మాట: 70 కిలోల నాన్న ఆ సీటు మీద మోకాళ్లు చెవులకు తగిలేలా కూర్చుని చేసే పరీక్షకు విలువ లేదు. ఆ బరువు కింద ఇంజన్ తిరిగే తీరే వేరు.

సైలెన్సర్‌ను మాత్రం వదిలేయమని ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్‌ఎక్స్ 100 రోజుల్లో శబ్దం కోసం లోపలి గొట్టం పీకేయడం ఒక ముచ్చటగా ఉండేది. టూ స్ట్రోక్ సైలెన్సర్ మధ్యలో ఉబ్బి చివర సన్నబడేది అలంకారం కోసం కాదు. వెళ్లిపోయే వాయువు అల ఆ సన్నటి భాగానికి కొట్టుకుని వెనక్కి వచ్చి, కాలకుండా బయటికి జారిన తాజా మిశ్రమాన్ని తిరిగి బోరులోకి తోస్తుంది. దాన్ని కోస్తే శబ్దం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. సైలెన్సర్‌కు కావలసింది అప్పుడప్పుడు లోపలి మసి తీయించడం ఒక్కటే.

పిల్లవాడి భద్రతకు ట్యూనింగ్‌కంటే ముఖ్యమైనవి మూడున్నాయి. ఈ బండ్లలో క్లచ్ ఇంజన్ వేగాన్నిబట్టి దానంతటదే పట్టుకుంటుంది. లోపలి స్ప్రింగులు బలహీనపడినా, నిలకడ వేగం ఎక్కువైనా, యాక్సిలరేటర్ ఇవ్వకుండానే బండి ముందుకు పాకుతుంది. వెనక చక్రాన్ని పైకి లేపి ఇంజన్ నడపండి. నిలకడ వేగంలో చక్రం గట్టిగా తిరుగుతుంటే, పట్టుకుంటే ఆగనంటుంటే, పిల్లవాడిని ఎక్కించకండి. రెండోది, మణికట్టుకు కట్టే తాడు స్విచ్చి. తాడు ఊడితే ఇంజన్ ఆగుతోందో లేదో ప్రతిసారీ లాగి చూడాలి. మూడోది గొలుసు: పిల్లవాడు కూర్చున్నప్పుడే బిగువు చూడాలి, ఎందుకంటే వెనక స్ప్రింగు దిగితే గొలుసు బిగుతు మారుతుంది. గొలుసు మీద కవచం లేకుండా నడపడమంటే పిల్లల వేళ్లను పణంగా పెట్టడం. వేగం తగ్గించాలంటే వెనక పెద్ద పళ్ల చక్రం వేయించవచ్చు. లాగుడు పెరుగుతుంది, గరిష్ఠ వేగం తగ్గుతుంది. చిన్నపిల్లలకు నాకు నచ్చే ట్యూనింగ్ అదే.

రోడ్డు సంగతి రెండు మాటల్లో: మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాలకంటే తక్కువ ఉండి 25 సీసీ దాటని వాటికే మినహాయింపు, 49 సీసీ బండి మోటారు వాహనమే. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద మైనరు నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. "మన వీధి చివరి దాకే కదా" అనే వాదన అక్కడ నిలవదు. సొంత పొలం, కంచె ఉన్న ఖాళీ స్థలం, లేదా అనుమతి ఉన్న ట్రాక్ మాత్రమే.

ఇంత జాగ్రత్త పడినా రింగు అరుగుతుంది. తాడు లాగినప్పుడు ఎదురు తన్నే బలం తగ్గడం, వేడెక్కిన ఇంజన్ స్టార్ట్ కాకపోవడం దాని మొదటి గుర్తులు. ఇక్కడ పాత అలవాటు మళ్లీ దారి తప్పిస్తుంది. చేతక్ సిలిండర్‌లో ఇనుప బోరు ఉండేది, లేత్ పట్టించి పెద్ద పిస్టన్ వేసేవాళ్లు. చాలా చిన్న బండ్ల సిలిండర్లు అల్యూమినియంవి, లోపల పలచటి గట్టి పూత మాత్రమే ఉంటుంది. బోరు చేయిస్తే ఆ పూత పోయి సిలిండర్ పారేయవలసి వస్తుంది. విప్పిన సిలిండర్ గోడకు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఇనుము, లేత్‌కు ఇవ్వవచ్చు. అంటుకోకపోతే సిలిండర్, పిస్టన్, రింగు కలిసిన కొత్త సెట్టు తెప్పించుకోవాలి. కొత్త సెట్టు వేశాక మొదటి ట్యాంకు పెట్రోలు అయిపోయేదాకా సగం యాక్సిలరేటర్ దాటనివ్వకండి, మధ్య మధ్యలో ఆపి ఇంజన్‌ను చల్లారనివ్వండి.